మా ఇంటి ఉరుము

మా ఆవిడ నవ్వు నవ్వులా మొదలవదు. నోరు బార్లా తెరుచుకుంటుంది, కళ్ళు మూసుకుపోతాయి, చప్పుడు మాత్రం ఉండదు. కొత్తవాళ్ళయితే ఈవిడకేదో అయిందని మంచినీళ్ళ కోసం లేస్తారు. వాళ్ళు రెండడుగులు వేసేలోపు కడుపులో ఎక్కడో బయల్దేరిన చప్పుడు దారిలో ఉన్నవన్నీ వెంటేసుకుని బయటికొస్తుంది. పక్కవాటా వాళ్ళ టీవీ వినపడదు. ఆవిడ పనిచేసే లాండ్రీలో ఇస్త్రీ బల్లల దగ్గర ఆడవాళ్ళు, ముందు మెరుపు తర్వాత ఉరుము కదా అని, ఆవిడకి "ఉరుము" అని పేరు పెట్టారు. అక్కడ ఆవిడని అసలు పేరుతో పిలిచేది యజమానురాలొక్కతే.

నేను తలుపులు బిగిస్తాను. తలుపు చెయ్యడం వేరు, బిగించడం వేరు అని చాలామందికి తెలియదు. చేసేవాడు చేసి చేతులు దులుపుకుంటాడు. గుమ్మం వంకర, గోడ వంకర, ఇంటాయన బుద్ధి వంకర, వీటన్నిటి మధ్యా రెక్కని నిటారుగా కూర్చోబెట్టేది నేను. పని చేసేటప్పుడు స్క్రూలు పెదాల మధ్య పెట్టుకోవడం మా వాళ్ళందరికీ అలవాటు. అందుకే మా పనిలో ఉన్నవాళ్ళు తక్కువ మాట్లాడతారంటారు. నన్ను చూస్తే ఆ మాట అనరు.

ఆ లాండ్రీకి, ఆవిరి ముందుగదిలోకి రాకుండా, అటూ ఇటూ ఊగే తలుపు కావాలన్నారు. బిగించాను. "చూడండి, వేలితో తోస్తే చాలు" అని అందరూ చూసేలా తోశాను. అది వెళ్ళింది, వెళ్ళినంత వేగంగానూ వచ్చి నా ముక్కు మీద కొట్టింది. ఇస్త్రీ బల్ల వెనక ఒకమ్మాయి నోరు తెరిచింది. చప్పుడు లేదు. పాపం, నా దెబ్బ చూసి నోట మాట రాలేదు కాబోలనుకుని, "ఫరవాలేదండీ, పెద్ద దెబ్బేం కాదు" అన్నాను. అప్పుడు పడింది ఉరుము. ముక్కు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. తలుపు ఇంకోసారి తోద్దామా అనిపించింది.

పెళ్ళయ్యాక నా పనల్లా అదే, ఇంకోసారి తోయడం. పొద్దున్నించీ ఎక్కడెక్కడి గుమ్మాల్లోనో చూసిన విడ్డూరాలన్నీ సాయంత్రానికి మూటగట్టి తెచ్చి ఆవిడ ముందు విప్పేవాణ్ణి. మాకు పిల్లలు లేరు. దాని గురించి ఏడవాల్సిందంతా ఏడ్చేశాం. ఆ తర్వాత ఇంట్లో మూడో మనిషి అంటే ఆ నవ్వే. నవ్వు నాలుగు విధాల చేటు అన్న మహానుభావుడెవడో గానీ, వాడింట్లో నవ్వే మనిషి ఉండి ఉండదు.

ఇంకో సంగతి కూడా చెప్పెయ్యాలి. ఊరందరికీ తలుపులు బిగించే నా ఇంట్లో వెనకగదికి తలుపు లేదు. పెళ్ళయిన కొత్తలో ఓ నీలం కర్టెన్ వేలాడదీసి, "వచ్చే ఆదివారం తలుపు పెడతా" అన్నాను. ఆ కర్టెన్ వెలిసి ఏ రంగో తెలియకుండా పోయింది. ఆ ఆదివారం మాత్రం రాలేదు.

*

ఆవిడ చివరి పన్నుకి వైద్యం చేయించుకున్నప్పుడు చాలాసేపు నోరు బాగా తెరుచుకుని పడుకోవాల్సి వచ్చింది. తర్వాత కొన్నాళ్ళు దవడ పట్టేసినట్టుందంటూ చెవి ముందు రుద్దుకునేది. ఒకరోజు పొద్దున్న నేను అద్దం ముందు గడ్డం గీసుకుంటుంటే వెనక నుంచి భుజం తట్టింది. తిరిగి చూశాను. నోరు బార్లా తెరుచుకుని ఉంది. నేను ఏమీ అనకుండానే నవ్వొచ్చిందే అని నేనూ నవ్వబోతూ ఉరుము కోసం చూశాను. రాలేదు. కళ్ళు కూడా మూసుకోలేదు. కళ్ళ నిండా నీళ్ళు. ఆవులిస్తే తెరుచుకున్న నోరు, మళ్ళీ మూతపడలేదు.

ఆస్పత్రిలో డాక్టరు రెండు బొటనవేళ్ళకీ గుడ్డ చుట్టుకుని, ఆవిడ నోట్లో పెట్టి, కింది దవడ పళ్ళ మీద అదిమి వెనక్కి తోశాడు. టక్కుమని వెళ్ళి కూర్చుంది. చెవికి ముందు చిన్న గుంట ఉంటుందిట, దవడ ఎముక తల అందులో కూర్చుంటుందిట. గుంటకి ముందు ఓ గుట్ట. నోరు తెరిచినప్పుడల్లా ఆ తల గుట్ట దాకా జారి, మూసినప్పుడు వెనక్కి వస్తుంది. ఈవిడది గుట్ట దాటేసి అవతల పడింది. "ఒకసారి దారి తెలిశాక మళ్ళీ మళ్ళీ పోతుంది, జాగ్రత్త" అన్నాడాయన. ఆయన నోటి వాక్కు.

రెండోసారి బస్సులో జరిగింది. ఎవరో ముసలాయన కండక్టరుతో చిల్లర కోసం పెట్టుకున్న పేచీ చూసి ఈవిడ నవ్వింది. బస్సు నిండా జనం. నోరు మూతపడదు, చొంగ కారిపోతోంది, కొంగుతో ముఖం కప్పుకుంది. ముందు సీటులో కూర్చున్నవాడు వెనక్కి తిరిగి మరీ చూశాడు. వాణ్ణి ఇప్పటికీ మనసులో తిడుతూనే ఉంటాను. ఆస్పత్రి దాకా ఆవిడ నా చెయ్యి పట్టుకున్న పట్టు నాకింకా గుర్తుంది. గోళ్ళు దిగిపోయాయి.

అప్పటి నుంచి ఆవిడ చెయ్యి గడ్డం కిందికి చేరింది. ఆవులింత వస్తే గడ్డానికి పిడికిలి అడ్డం. తుమ్మొస్తే పిడికిలి అడ్డం. నవ్వొస్తే పెదాలు బిగించి, గడ్డం కింద చెయ్యి పెట్టి నొక్కి, ముక్కుతో "మ్మ్" అనేది. అదీ నవ్వే అనుకోవాలి. ఇంకా ఎక్కువొస్తే అక్కడి నుంచి లేచి వెళ్ళిపోయేది. కర్టెన్ వెనక నిలబడి భుజాలు అదిరిపోతుంటే చూశాను. నవ్వుతోందో ఏడుస్తోందో వెనక నుంచి తెలిసేది కాదు.

నేను జోకులు మానేశాను. నోట్లో నువ్వుగింజ నానని మనిషిని, ఇంటికొచ్చి "ఇవాళ ఎండగా ఉంది" అనేవాణ్ణి. "అవునండీ" అనేది. "నీళ్ళు సన్నగా వస్తున్నాయి" అనేవాణ్ణి. "అవునండీ" అనేది. ఎవరైనా వింటే కోర్టులో కూర్చున్నామనుకునేవారు.

ఊరెళ్ళిన మనిషి మీద బెంగ పెట్టుకోవడం అందరికీ తెలుసు. ఎదురుగా కూర్చుని బట్టలు మడతపెడుతున్న మనిషి మీద బెంగ పెట్టుకోవడం నాకు ఆ నాలుగేళ్ళలో తెలిసింది. ఎక్కడో మూడో అంతస్తులో తలుపు బిగిస్తుంటే పైవాటాలో ఏ ఆడమనిషో పకాలున నవ్వేది. చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయేది. సాయంత్రం ఆవిణ్ణి తీసుకురావడానికి లాండ్రీకి వెళితే, నేను బిగించిన ఆ ఊగే తలుపు తోసే ముందు కాసేపు ఇవతలే నిలబడి వినేవాణ్ణి. ఇస్త్రీపెట్టెల బుస్సు తప్ప ఏమీ వినపడేది కాదు. ఆ నవ్వు లేకుండా మా ఇల్లు నాకు ఇల్లులా అనిపించేది కాదు. ఈ మాట ఆవిడతో అనడానికి లేదు. అంటే తన తప్పనుకుంటుంది.

ఆవిడే ఒక పొద్దున్న అంది, దుప్పటి మడతపెడుతూ. "ఏవండీ, కలలో నవ్వాను. పాత నవ్వు. దవడకేం కాలేదు."

"మంచిదేగా," అన్నాను.

"లేచి చూసుకుంటే చెయ్యి గడ్డం కిందే ఉంది."

*

దవడ ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ ఉందని చెప్పింది మా బావమరిది. మందుల షాపులో పని చేస్తాడు. అందుకని సగం డాక్టరుననుకుంటాడు. డాక్టరమ్మ మొదట కత్తి జోలికి పోలేదు. మా ఆవిడ చేతి నుంచే కాస్త రక్తం తీసి, దవడ కీలుని సూదితో కడిగి, ఆ రక్తాన్నే అందులోకీ చుట్టుపక్కలకీ ఎక్కించింది. అది లోపల గడ్డకట్టి, మచ్చకట్టి, కీలుని కాస్త బిగువుగా పట్టి ఉంచుతుందిట. తల చుట్టూ గడ్డం కింద నుంచి కట్టు కట్టి పంపారు. కొన్ని నెలలు నిలిచింది. నేను మెల్లగా చిన్న చిన్న జోకులు, చప్పటివి, మొదలుపెడదామనుకుంటుండగా లాండ్రీలో తుమ్మొచ్చి మళ్ళీ జారింది.

ఈసారి డాక్టరమ్మ బల్ల మీద పుర్రె బొమ్మ పెట్టుకుని కూర్చుంది. నేనూ, మా ఆవిడా, బావమరిదీ ఎదురుగా.

"ఇంక ఆపరేషనే అమ్మా. రెండు దారులున్నాయి," అంది. "మొదటిది, అడ్డు కట్టడం. ఈ ఎముకని కొంచెం కిందికి దించి గానీ, ఇక్కడో చిన్న పలక బిగించి గానీ దవడ తల గుట్ట దాటకుండా ఆపుతాం. రెండోది, గుట్టనే తీసెయ్యడం. అరగదీసి చదును చేస్తాం. అప్పుడు తల ముందుకి జారినా ఇరుక్కోవడానికి అక్కడేమీ ఉండదు. దానంతటదే వెనక్కొచ్చేస్తుంది."

"కీలే మార్చేస్తారట కదండీ?" అన్నాడు బావమరిది.

"మారుస్తాం, కీలు పూర్తిగా పాడైనవాళ్ళకి. ఈవిడ కీలు బానే ఉంది. కొందరికి లోపలి మెత్త జారి నోరు తెరుచుకోదు, వాళ్ళకి సన్న గొట్టంతో లోపల చూసి సరిచేస్తాం. ఒక్కొక్కళ్ళ బాధ ఒక్కొక్కటి. ఈవిడకి ఈ రెండే."

నేను అప్పటికే పుర్రె బొమ్మ అందుకుని దవడ ఆడించి చూస్తున్నాను. విషయం నాకు తేటతెల్లమైపోయింది. "మేడమ్, మొదటిదే," అన్నాను. "అంటే స్టాపర్. తలుపు వెళ్ళి గోడకి కొట్టుకుంటుంటే మేమేం చేస్తాం? నేలలో స్టాపర్ వేస్తాం. గోడ తవ్వుకుంటామా?"

డాక్టరమ్మ నా చేతిలోంచి పుర్రెని మర్యాదగా తీసుకుంది.

మా ఆవిడ గడ్డం కింద చెయ్యి పెట్టుకునే, "నవ్వొచ్చా అండీ?" అంది.

"మొదటి దాంట్లో కొంతవరకు. నోరు ఇప్పుడున్నంత తెరుచుకోదు కదా. రెండో దాంట్లో మీ ఇష్టం. కాకపోతే అప్పుడప్పుడు టక్కుమంటుంది. దేంట్లోనయినా చెవి ముందు కొయ్యాలి. కనుబొమ్మని లేపే నరం అటే పోతుంది, కొన్నాళ్ళు కనుబొమ్మ లేవకపోవచ్చు. అరుదుగా అలాగే ఉండిపోతుంది. మళ్ళీ జన్మలో జారదని మాత్రం రాసివ్వలేను. ఆలోచించుకుని చెప్పండి."

బస్‌స్టాపు దాకా నడిచాం. అక్కడ మొదలుపెట్టింది బావమరిది. "అక్కా, కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని..."

"నువ్వు తలుపే సరిగ్గా పట్టుకోలేవు. నా దవడ గురించి చెప్పొచ్చావా?"

వాడు తన కాలి వంక చూసుకున్నాడు. ఒకసారి నాకు సాయమొచ్చి, తలుపు ఎత్తి పట్టుకున్నవాడు దోమ కుట్టిందని చెయ్యి వదిలాడు. తలుపు వాడి కాలి మీదే పడింది. మా పనిలో మొదటి సూత్రం అది, పట్టుకున్న మనిషి చెయ్యి తియ్యకూడదు. అప్పటి నుంచి "బావా, నీకూ నీ తలుపులకీ ఓ దండం" అంటాడు.

"వాడి సంగతి వదిలెయ్యి," అన్నాను. "ఎముక తీసేస్తే మళ్ళీ వస్తుందా? అడ్డు కట్టించుకుంటే సుఖంగా ఉంటుంది. నోరు కాస్త తక్కువ తెరుచుకుంటే కొంపేం మునగదు."

"మీకు కావలసింది అదేనా?"

"నాక్కావలసిందేంటే? బస్సులో నువ్వు పడ్డ బాధ ఇంకోసారి చూడలేను."

"అదీ సంగతి. స్టాపర్ పెడితే భయం తగ్గేది నాక్కాదు, మీకు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "అవును, నాకే భయం! జారి తిరిగి రాకపోతే?"

"వస్తుందన్నారుగా."

"అనగానే నమ్మెయ్యడమేనా?"

"మీరు వచ్చే ఆదివారం తలుపు పెడతా, వచ్చే ఆదివారం తలుపు పెడతా అని పందొమ్మిదేళ్ళుగా అంటున్నారు. నమ్మట్లేదూ?" అంది. "ఇంట్లో తలుపు లేదు గానీ నా నోటికి స్టాపర్ట, స్టాపర్!"

బావమరిది అటు తిరిగి దగ్గాడు. ఆ మాటకి తనకే నవ్వొచ్చింది, చెయ్యి గడ్డం కిందికి పోయింది, "మ్మ్" అంది. ఆ "మ్మ్" అయ్యాక కళ్ళు తుడుచుకుంటూ మెల్లగా అంది, "నాకు నవ్వాలనుందండీ. సగం నవ్వు కాదు."

నాకూ కావలసింది అదే. ప్రపంచంలో నాకు ఇంకేమీ అక్కర్లేదు. బస్సొచ్చింది గనక ఆ మాట పైకి అనలేకపోయాను.

*

గుట్ట తీయించేశాం, రెండు వైపులా. థియేటరు తలుపు ముందు కూర్చున్నంతసేపూ నేనూ బావమరిదీ ఆ తలుపునే చూస్తూ కూర్చున్నాం. పై మడతబందు వదులైపోయి రెక్క ఓ పక్కకి దిగింది. ఇంకెప్పుడైనా అయితే వెళ్ళి బిగించేవాణ్ణి. ఆ రోజు దాన్ని అలాగే వదిలేశాను.

ముఖం వాచి, చెవుల ముందు కుట్లతో బయటికొచ్చింది. ఎడమ కనుబొమ్మ లేవట్లేదు. డాక్టరమ్మ ముందే చెప్పింది గనక కంగారు పడకూడదనుకున్నాను, పడ్డాను. ఒక కనుబొమ్మే లేపి చూస్తుంటే, నేనేం చెప్పినా నమ్మనట్టుండేది. దాని మీద నాకు బ్రహ్మాండమైన జోకొచ్చింది. మింగేశాను. అప్పటికి అలా మింగినవి నా కడుపులో ఎన్నున్నాయో లెక్క లేదు.

తర్వాత మెత్తటి తిండి, జావలు. ఆపైన నోరు తెరిచే వ్యాయామం. పళ్ళ మధ్య సన్నటి చెక్కపుల్లలు పేర్చి, రోజుకొకటి చొప్పున పెంచుకుంటూ పోవాలి. ఆస్పత్రి వాళ్ళిచ్చిన పుల్లలు గరుగ్గా ఉన్నాయని నేనే మంచి చెక్క చూసి, చిత్రిక పట్టి, గరుకు కాగితంతో రుద్ది, పెదవికి గుచ్చుకోకుండా అంచులు గుండ్రం చేసి ఇచ్చాను. ఇన్నేళ్ళలో ఏ తలుపుకీ అంత నునుపు తేలేదు. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని పుల్లలు పళ్ళ మధ్య పెట్టుకునేది. నేను ఎదురుగా కూర్చుని ఇంకోటి అందించేవాణ్ణి. మాట్లాడటానికి ఆవిడకి కుదరదు, నాకు ధైర్యం లేదు.

కనుబొమ్మ మెల్లగా లేచింది. పుల్లల దొంతర పెరిగింది. నోరు బాగా తెరిచినప్పుడు చెవి ముందు ఎముక చర్మం కింద కదలడం కనిపించేది, టక్కుమనేది, వెనక్కొచ్చేది. ఆఖరిసారి చూసి డాక్టరమ్మ, "ఇంక నా దగ్గర పని లేదమ్మా. వెళ్ళి నవ్వుకోండి," అంది.

ఆ సాయంత్రం నా దగ్గరున్న వాటిల్లోకెల్లా మేలైనది తీశాను. దాచి దాచి ఉంచినది. "ఇవాళ కాదులే, ఆ మధ్య ఓ ఇంట్లో," అని మొదలెట్టాను. "ఇంటాయన, తలుపు కిర్రుమంటోంది, నూనె వేసి ఆ కిర్రు తీసెయ్యమన్నాడు. తీసేశాను. మెట్లు దిగుతుంటే వాళ్ళావిడ పరిగెత్తుకొచ్చి కొంగులోంచి డబ్బులు తీసి, 'మేస్త్రీ, ఆయన ఇచ్చినదానికి రెట్టింపు ఇస్తాను, ఆ కిర్రు మళ్ళీ పెట్టెయ్. ఆయన ఎప్పుడొచ్చి పడుకుంటున్నాడో నాకు తెలిసేదే దానివల్ల' అంది."

మా ఆవిడ పెదాలు విడ్డాయి. కళ్ళు చిన్నవయ్యాయి. మెరుపు, వస్తోంది, వస్తోంది. అంతలో చెయ్యి లేచి గడ్డం కిందికి పోయి నొక్కి పట్టింది. "మ్మ్."

ఇద్దరం ఆ చేతి వంక చూశాం.

"అదే పోతోందండీ," అంది. "నేను పంపలేదు."

నేను వదల్లేదు. మర్నాడొకటి చెప్పాను, ఆ మర్నాడు రెండు. చెయ్యి వచ్చేస్తూనే ఉంది. ఒకసారి ఆ చెయ్యి నేనే పట్టుకుని జోకు చెప్పాను. రెండో చెయ్యి వచ్చింది. రెండు చేతులూ పట్టుకున్నాను. నవ్వే రాలేదు. "మీరు పోలీసుల్లా పట్టుకుని, నవ్వు నవ్వు అని ముఖంలోకి చూస్తుంటే ఎవరికొస్తుందండీ నవ్వు?" అంది. నిజమే. కానీ నాకు కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. అంత కోత, అంత నొప్పి, ఎముక చిత్రిక పట్టి ఇచ్చారు. ఈ చెయ్యిని ఏ డాక్టరు చిత్రిక పడతాడు? నాలుగేళ్ళు ఆవిణ్ణి కాపాడిన చెయ్యి అది. దాన్ని తిట్టడానికీ నోరు రాలేదు.

వంటింట్లో ఒక్కతే ఉన్నప్పుడు గడ్డం కింద నుంచి చేతిని తీసి ఒళ్ళో పెట్టుకుని దానివైపు చూస్తూ కూర్చోవడం ఒకసారి కనిపించింది. ఆ రోజు నేను జోకులు మళ్ళీ ఆపేశాను. ఈసారి దవడ కోసం కాదు. చాలనిపించింది.

*

చెయ్యడానికి ఇంకేమీ తోచక, ఒక ఆదివారం పొద్దున్న వెనకగదికి తలుపు పెట్టడానికి కూర్చున్నాను. ఆ ఆదివారం ఎట్టకేలకి వచ్చింది. మంచి బరువైన రెక్క తెచ్చి, అంచులు చిత్రిక పట్టి, తాళానికి బెజ్జం తొలిచి, రెక్కకి మడతబందులు బిగించాను. బావమరిదిని రమ్మంటే పాత దండమే పెట్టాడు. అందుకని మా ఆవిణ్ణే పిలిచాను.

"రెండు చేతులతో అంచు పట్టుకో. అడుగున చెక్కముక్క పెట్టాను, బరువు దాని మీదుంటుంది. నువ్వు పక్కకి పడిపోకుండా చూస్తే చాలు. నేను చెప్పేదాకా..."

"చెయ్యి తియ్యకూడదు. తెలుసు లెండి."

స్క్రూలు పెదాల మధ్య పెట్టుకుని పై బందు గుమ్మానికి బిగించాను. కిందికి వంగి మధ్య బందు అందుకున్నాను. ఎండ కిటికీలోంచి వచ్చి ఆవిడ చెవి మీద పడింది. కుట్ల గుర్తు సన్నటి గీతలా ఉంది. పని మీద కంటే దాని మీదే ఉంది నా చూపు. పొద్దున్నించీ అంతే. రెక్క బల్ల మీద పెట్టి పని చేసినప్పుడూ ఆవిడ కిటికీ దగ్గర కూర్చునే ఉంది.

"పట్టు చిక్కట్లేదండీ," అంది. "ఆ తాళం బెజ్జంలో వేలు పెట్టి పట్టుకుందామంటే ఇటు లేదే?"

"ఉమ్," అన్నాను. నోట్లో స్క్రూలు.

"ఇటు లేదండీ." తల వంచి రెక్క పొడుగునా చూసుకుంటూ వచ్చింది. ఆవిడ చూపు నా ముక్కు దగ్గర ఆగింది. నా ముక్కు ముందు మధ్య బందు ఉంది. బందు పక్కనే, వేలెడు దూరంలో, నేను పొద్దున్న నా చేత్తో శుభ్రంగా తొలిచిన గుండ్రటి తాళం బెజ్జం ఉంది.

ఇన్నేళ్ళుగా తలుపులు బిగిస్తున్నవాణ్ణి, బందులు తాళం వైపు వేసేశాను.

"ఏవండీ," అంది నిదానంగా. "ఈ తలుపుకి తాళం గోడకి వేస్తారా?"

"ఉమ్ ఉమ్," అన్నాను. అలా చూడకు, ఎవరికైనా జరుగుతుంది అని దానర్థం.

ఆవిడ నోరు తెరుచుకుంది. కళ్ళు మూసుకుపోయాయి. చప్పుడు లేదు. కుడి చెయ్యి అంచు వదిలి గడ్డం వైపు లేచింది. రెక్క పక్కకి ఒరిగింది, పై బందు కిర్రుమంది, చెయ్యి చటుక్కున వెనక్కి వెళ్ళి అంచు పట్టుకుంది. పట్టుకోక తప్పదు. వదిలితే ఆ బరువంతా నా నెత్తి మీదే.

నోరు ఇంకా తెరుచుకుంది. చెవి ముందు, గీత కింద, ఎముక ముందుకి జరగడం చూశాను. జరిగింది, ఇంకా జరిగింది. బస్సు గుర్తొచ్చింది, నా చేతిలో దిగిన గోళ్ళు గుర్తొచ్చాయి. టక్కుమంది. వెనక్కి వచ్చేసింది.

ఉరుము పడింది. గుమ్మం అదిరింది. పక్కవాటాలో టీవీ చప్పుడు ఆగింది, ఎవరో కట్టేశారో, నాకు వినపడలేదో. ఆవిడ తలుపు కావలించుకుని, రెక్కకి నుదురు ఆనించి, నవ్వుతోంది. నోరు తెరుచుకోవడం, టక్కు, మూతపడటం, మళ్ళీ తెరుచుకోవడం. తలుపూ ఆవిడతో పాటు ఊగుతోంది.

నాకూ నవ్వు తన్నుకొచ్చింది. నోటి నిండా స్క్రూలు. పెదాలు బిగించి, ఒక చెయ్యి తెలియకుండానే నా గడ్డం కింద పెట్టుకుని, ముక్కుతో "మ్మ్, మ్మ్" అంటూ ఉండిపోయాను. నోరు మూసుకుని నవ్వడం ఎంత నొప్పో నాకు అంతకు ముందు తెలియదు. పక్కటెముకలు విరిగిపోతాయనిపించింది. నేనయితే ఉమ్మేస్తే పోతుంది. ఆవిడ దీన్ని నాలుగేళ్ళు పట్టుకుని ఉంది.

స్క్రూలన్నీ నేల మీద ఉమ్మేశాను. అప్పుడొచ్చింది నాకు నవ్వు, దాని వెనకే ఏడుపు కూడా.

ఆవిడ నవ్వు మధ్య ఊపిరి అందుకుని, "తియ్యనా అండీ? వెనక్కి తిప్పి మళ్ళీ బిగించాలి కదా?" అంది.

"చెయ్యి తియ్యకు," అన్నాను.

తలుపు గురించే అన్నాననుకుంది. తియ్యలేదు.